వేహాయ్: పొద్దున దీవి, సాయంత్రం తీరం

[దృశ్యం: రేవు. నీళ్లకి అవతల ల్యూగోంగ్ దీవి]

చైనాలో షాన్‌డాంగ్ ద్వీపకల్పం తూర్పు కొసన ఉంది వేహాయ్. మీకు ఒక్కరోజే ఉంటే పొద్దున్నే ల్యూగోంగ్ దీవికి వెళ్లే ఫెర్రీ ఎక్కండి. ప్రయాణం సుమారు 20 నిమిషాలు. పాస్‌పోర్ట్ అసలుదే దగ్గరుంచుకోండి. చైనాలో ఫోన్‌తో డబ్బులు చెల్లించే అలీపే యాప్‌లో మీ కార్డుని ఇంటి దగ్గరే జోడించుకోండి. అక్కడికెళ్లాక బ్యాంకు ఓటీపీ రాకపోతే చేతులు కట్టేసినట్టే.

వసంతం చివరి నుంచి జూలై దాకా పొగమంచు బెడద ఉంటుంది. వెచ్చని తేమగాలి చల్లటి పసుపు సముద్రం మీదికి రాగానే మంచు కమ్మేస్తుంది, ఫెర్రీలు ఆగిపోతాయి. ఆ నెలల్లో వెళ్తే ఇంకో రోజు చేతిలో ఉంచుకోవడం మేలు. దీవిలో దిగగానే తిరిగొచ్చే చివరి ఫెర్రీ ఎప్పుడో అడిగి రాసుకోండి.

[దృశ్యం: దీవి మీద రెండు పొడవాటి ఫిరంగి గొట్టాలు, దగ్గరగా]

1888లో ఏర్పడ్డ చైనా బెయ్‌యాంగ్ నౌకాదళానికి స్థావరం ఈ దీవే. మ్యూజియంలో ఈ రెండు ఫిరంగి గొట్టాల దగ్గర కాసేపు ఆగండి. జియువాన్ అనే యుద్ధనౌక మీదివి, జర్మనీ క్రప్ కంపెనీ చేసినవి. గొట్టం నోరు 210 మిల్లీమీటర్లు. 1986లో సముద్రం అడుగునుంచి తీశారు.

ఆ తర్వాత దీవి నుంచి నీళ్లకి అవతల దక్షిణం ఒడ్డు చూడండి. జపాన్‌తో యుద్ధంలో ఈ నౌకాదళం ఎలా ఓడిందో అక్కడే అర్థమవుతుంది. ఆ ఒడ్డున కోటల్లో ప్రధాన ఫిరంగుల్ని శత్రువు సముద్రం మీంచి వస్తాడనే పెట్టారు. 1895 జనవరిలో జపాన్ సైన్యం తూర్పున రోంగ్‌చెంగ్ దగ్గర దిగి, నేలమీద నడిచొచ్చి, కోటల్ని వెనక నుంచి పట్టుకుంది. చైనా ఫిరంగులే చైనా నౌకల మీదికి తిరిగాయి. ఫిబ్రవరిలో నౌకాదళాధిపతి డింగ్ రుచాంగ్ ప్రాణం తీసుకున్నాడు, మిగిలిన నౌకలు లొంగిపోయాయి. ఇది తెలియకుండా తిరిగితే ఈ దీవి చెట్లూ పాత భవనాలుగానే మిగులుతుంది. సగం రోజు ఇవ్వండి.

[దృశ్యం: సాయంత్రం, అంతర్జాతీయ స్నానతీరం]

ఊరికి తిరిగొచ్చాక ఉత్తరాన ఉన్న ఈ ఇసుకతీరానికి టాక్సీలో వెళ్లండి. తీరం పేరు చైనీసులో రాయించుకుని డ్రైవర్‌కి చూపిస్తే చాలు. జూన్‌లో నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఈతకి ఆగస్టు బాగుంటుంది. ఈత హద్దు చూపించే తేలే బంతుల వరస దాటి వెళ్లకండి. ఉత్తరపు గాలి గట్టిగా ఉన్న రోజు అలలు నేరుగా ఒడ్డుకే కొడతాయి. ఆ రోజు పిల్లల్ని నీళ్లలోకి దింపకుండా ఇసుకలోనే ఆడించండి.