బీ-ఫారం మన చేతికే ఇచ్చారు, ఎవరికి రాసిద్దాం? (చర్చ)

యాంకర్: నమస్కారం అండి. అమెరికాలో స్టేట్, లోకల్ ప్రైమరీల్లో ఎవర్ని సపోర్ట్ చేయాలి, ఎలా తేల్చుకోవాలి అనేదే ఈరోజు టాపిక్. ముగ్గురు గెస్టులున్నారు. టెక్సస్ ఫ్రిస్కో నుంచి అన్న, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మేడం, వర్జీనియా ఆష్‌బర్న్ నుంచి అక్క. ముందుగా అన్నా, నవంబర్‌లో ఓటేస్తే సరిపోదా, ఈ ప్రైమరీ గోల మనకెందుకు అని చాలామంది అడుగుతున్నారు.

ఫ్రిస్కో అతిథి: నేను కూడా సిటిజన్‌షిప్ వచ్చిన కొత్తల అట్లనే అనుకున్న. మన దగ్గర ఎమ్మెల్యే టికెట్ ఎవరికియ్యాలో హైకమాండ్ చూస్కుంటది, బీ-ఫారం చేతికొచ్చినోడే క్యాండిడేట్, కార్యకర్త పదేండ్లు జెండా మోసినా అడిగేటోడు లేడు. ఇక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటరే, అదే ప్రైమరీ. టెక్సస్‌ల 1994 తర్వాత స్టేట్ మొత్తం మీద ఎన్నుకునే ఏ పదవీ డెమోక్రాట్లు గెలవలే. మరి నవంబర్‌ల నువ్వు తేల్చేదేముంది, గవర్నర్ ఎవరనేది మార్చిల రిపబ్లికన్ ప్రైమరీలనే సగం తేలిపోతది. డాలస్ సిటీలోపల చాలా సీట్లల్ల ఉల్టా, అక్కడ డెమోక్రాటిక్ ప్రైమరీనే అసలు ఎలక్షన్.

యాంకర్: అంటే మనకు నచ్చని పార్టీ అయినా ఆ ప్రైమరీలో ఓటేయొచ్చా?

ఫ్రిస్కో అతిథి: టెక్సస్‌ల ఏయొచ్చు, పార్టీ రిజిస్ట్రేషన్ లేదు కదా. కానీ ఒకసారి ఒక పార్టీ బ్యాలెట్ తీస్కుంటే రనాఫ్‌ల, అంటే రెండో విడత ఓటింగ్‌ల కూడా అదే పార్టీ, మధ్యల మారనీయరు. సగానికన్నా ఎక్కువ ఓట్లు ఎవరికీ రాకుంటే మే నెలల రనాఫ్ ఉంటది, దానికి ఇంకా తక్కువ మంది వస్తరు. అట్లాంటప్పుడు మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఒక్కటి కదిలినా లెక్క మారొచ్చు.

ఎడిసన్ అతిథి: మాకు అలా కుదరదండి. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ రాయించుకోనివాళ్ళు ఆ రోజు వెళ్ళి ఏదో ఒక పార్టీ చెప్పి ఓటేయొచ్చు గానీ, ఒక పార్టీలో ఉన్నవాళ్ళు ఇంకోదానికి మారాలంటే 55 రోజుల ముందే కాగితం పెట్టాలి. ఇంకోటండీ, మీరన్న హైకమాండ్ మాకూ ఉండేది. కౌంటీ లైన్ అనేవాళ్ళు, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పార్టీ వాళ్ళు ఎండార్స్ చేసిన పేర్లన్నీ బ్యాలెట్ మీద ఒకే వరసలో చక్కగా ఉండేవి, మిగతావాళ్ళు ఎక్కడో మూలకి. 21 కౌంటీల్లో 19 చోట్ల ఇదే పద్ధతి ఉండేది. నేను కూడా ఎన్నో ఏళ్ళు ఆ వరస చూసి టకటకా నొక్కేసి వచ్చేసిన దాన్నే, ఎవరు పెట్టారో ఆ వరస అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆండీ కిమ్ సెనేట్‌కి పోటీచేస్తూ కోర్టుకెళ్తే 2024 మార్చిలో ఫెడరల్ జడ్జి డెమోక్రాటిక్ ప్రైమరీకి ఆ పద్ధతిని ఆపారు, తర్వాత లెజిస్లేచర్ చట్టమే మార్చింది. ఇప్పుడు ఒక్కో పదవికి అందరి పేర్లూ ఒకేచోట ఉంటాయి. ఇదివరకు పార్టీ ఆలోచించేది, ఇప్పుడు ఆ పని మన నెత్తిన పడింది, మనం చేయాలి కదా మరి!

యాంకర్: అక్కా, మీ దగ్గర మన హైదరాబాద్‌లో పుట్టిన ఘజాలా హష్మీ గారు 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి పదవికి గెలిచారు. అప్పుడు మీరెలా తేల్చుకున్నారు?

ఆష్‌బర్న్ అతిథి: ఆ డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు నిలబడ్డారు. ఆవిడకి వచ్చింది 27 శాతం చిల్లర, రెండో స్థానంలో రిచ్‌మండ్ మాజీ మేయర్ స్టోనీకి 26 శాతం పైన, తేడా ఒక శాతం కూడా లేదు. వర్జీనియాలో రనాఫ్ లేదు కాబట్టి అంతే, ఆవిడే క్యాండిడేట్. నాలుగో వంతు ఓట్లు కాస్త దాటితే చాలు, నవంబర్ బ్యాలెట్ మీద పేరు ఖాయం. ఇకపోతే హైదరాబాద్ పేరు చూసి సంతోషపడ్డాను, అబద్ధం చెప్పను. కానీ నేను టీచర్ని, ఆవిడ 2019లో స్టేట్ సెనేటర్‌గా గెలిచారు, ఎడ్యుకేషన్ అండ్ హెల్త్ కమిటీ చూశారు, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ ఓట్ల రికార్డు అసెంబ్లీ సైట్‌లో ఉంటుంది, కూర్చుని చదివాను, చదివాకే వేశాను.

యాంకర్: అంటే మనవాడు అని వేసేయకూడదంటారు.

ఎడిసన్ అతిథి: (మధ్యలో అందుకుంటూ) అది మాత్రం గట్టిగా చెప్పాలండీ! ఒకసారి మా ఫ్రెండ్ వాళ్ళ బేస్‌మెంట్‌లో ఫండ్‌రైజర్ పెట్టారు, క్యాండిడేట్ మనాయనే. బిర్యానీ, ఫోటోలు, అన్నీ అయ్యాయి. స్కూల్ ఫండింగ్ సంగతేంటండీ అని అడిగితే మన కమ్యూనిటీకి ఒక గొంతు కావాలమ్మా అన్నారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే. గొంతు కావాలి సరే, ఆ గొంతు ఏం మాట్లాడుతుందో చెప్పాలిగా! పైగా పక్కన ఒకబ్బాయి, హెచ్1బి మీద ఉన్నాడు, ఫ్రెండ్ పేరు మీద చెక్ ఇద్దామా అంటున్నాడు. వద్దు నాయనా అన్నాను. గ్రీన్‌కార్డ్ ఉంటే చందా ఇవ్వొచ్చు, వీసా మీద ఉన్నవాళ్ళు సిటీ ఎలక్షన్‌కి కూడా ఇవ్వకూడదు, ఇంకొకళ్ళ పేరు మీద ఇస్తే అదో తప్పు. ఓటైతే సరేసరి, మా దగ్గర సిటిజన్లకే.

ఆష్‌బర్న్ అతిథి: ఇంకో మాట, ఏ పదవి ఏం చేస్తుందో తెలియకుండా క్యాండిడేట్‌ని బేరీజు వేయలేం. మా లౌడౌన్ కౌంటీలో ఎటు చూసినా డేటా సెంటర్లే, కిటికీలు లేని పెద్దపెద్ద డబ్బాల్లా ఉంటాయి, రాత్రి పడుకుంటే ఫ్యాన్ల హోరు. మనవాళ్ళలో చాలామందికి ఆ క్లౌడ్ మీదే ఉద్యోగం, ఇంటి వెనక హైవోల్టేజ్ లైన్ వస్తుందంటే మాత్రం గుండె గుభేల్. ఆ డేటా సెంటర్ ఎక్కడ కట్టొచ్చో తేల్చేది ప్రెసిడెంటా, సెనేటరా? కాదండీ, కౌంటీ బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. ప్రత్యేక అనుమతి లేకుండా డేటా సెంటర్ కట్టుకునే వీలు 2025 మార్చిలో తీసేసింది వాళ్ళే. ఆ సూపర్‌వైజర్ టికెట్ తేలేది కూడా చాలాసార్లు ప్రైమరీలోనే. అందుకే నేను తలుపు తట్టిన ప్రతి క్యాండిడేట్‌ని ఒక్కటే అడుగుతాను, ఈ మధ్య వచ్చిన ఫలానా రీజోనింగ్‌కి, అంటే ఆ స్థలంలో ఏం కట్టొచ్చో మార్చే ప్రతిపాదనకి, మీరైతే అవునంటారా కాదంటారా? ఆలోచిస్తాను అంటే ఎప్పటికల్లా అంటాను. చివరికి కాదన్నా పర్లేదు, తేల్చి చెప్పినవాళ్ళని నేను నమ్ముతాను.

ఫ్రిస్కో అతిథి: మా దిక్కు రైల్‌రోడ్ కమిషనర్ అని ఒక పోస్ట్ ఉంటది. పేరుల రైలు ఉంది గానీ వాళ్ళు చూసేది ఆయిల్, గ్యాస్. నేను మొదటిసారి అది చూసి రైళ్ళ గురించి ఎవరు మంచిగ మాట్లాడిన్రా అని వెతికిన! అట్లనే ప్రాపర్టీ టాక్స్ గురించి స్టేట్ రెప్రజెంటేటివ్‌ని తిడుతరు మనోళ్లు, ఆయన పాత్ర లేదని కాదు, కానీ బిల్లుల పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. మా స్కూల్ బోర్డ్ ఎలక్షన్ మే నెలల, దానికి పార్టీ గుర్తే ఉండదు, ప్రైమరీ కూడా ఉండదు.

యాంకర్: ఇంత పెద్ద బ్యాలెట్, జడ్జిలు కూడా ఉంటారు, అన్నీ ఎలా గుర్తుంటాయి అన్నా? ఫోన్‌లో రాసుకుంటారా?

ఫ్రిస్కో అతిథి: టెక్సస్‌ల పోలింగ్ గదిల ఫోన్ బంద్. కాగితం తీస్కపోవచ్చు. (జేబులోంచి మడత కాగితం తీసి చూపిస్తూ) ఇగో, మొన్నటిది ఇంకా పర్స్‌లనే ఉంది. ఇంట్ల డైనింగ్ టేబుల్ మీద శాంపుల్ బ్యాలెట్ పెట్టుకొని నేనూ మా ఆమె రెండు రాత్రులు కూర్చున్నం. పేరు పక్కన ఎందుకో ఒక్క ముక్క రాసినం, చూడుండ్రి, ఇక్కడ "ఫ్లడ్ డ్రైనేజ్ గురించి అడిగితే ఫోన్ చేసిండు" అని ఉంది. ఈ రెండు జాగాల ఖాళీ ఇడిసిపెట్టినం, ఎంత వెతికినా ఆ జడ్జిల గురించి ఏం దొరకలే, తెల్వనిదానికి ఏసుడెందుకని. ఇగ ఈ కింద ఒక్కదగ్గర ఆమె ఒకరికి, నేను ఒకరికి, కొట్టేసి మళ్ళ రాసినం, అది కౌంటీ కమిషనర్. ఆ రాత్రి ఒంటిగంట దాకా నడిచింది పంచాయితీ, పొద్దున ఎవరి ఓటు వాళ్ళం ఏసుకొచ్చినం.