చెట్లు పోయిన ఊళ్లో సీట్లు పోయిన కథ

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తుందా? వినిపిస్తుంది అంటున్నారు, సరే. స్టేజ్ మీదున్న పెద్దలకి, కమిటీ వాళ్లకి, పొద్దున ఏడింటి నుంచి కిచెన్‌లో నిలబడి పులిహోర కలిపిన అక్కలకి, ఈ సెప్టెంబర్‌లో కొత్తగా దిగిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి, హాల్ తాళం తీసిచ్చిన ఆ పెద్దాయనకి... ఇగ ఇట్లనే పోతే నాకిచ్చిన పది నిమిషాలు ఇక్కడే అయిపోతాయి. పేరు చెప్పనివాళ్లు ఏమనుకోకండి.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే ఇంగ్లండ్‌లో మనముంటున్న ఈ షెఫీల్డ్ సిటీ కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు. ఎవరికెన్ని సీట్లొచ్చాయి, ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు అని టేబుల్ లాగా రాసుకునే వచ్చాను, పేపర్ జేబులోనే ఉంది. కానీ పొద్దున బస్సులో కూర్చుని ఆలోచిస్తే, ఈ ఊళ్లో ఒక్క రిజల్ట్ అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమైపోతాయి అనిపించింది. అది 2021 మే రిజల్ట్. పాత కథ కదా అంటారేమో. పాతదే. అయినా నేను అదే చెప్తాను, పిలిచినవాళ్లు తిట్టుకున్నా సరే.

ముందు కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. షెఫీల్డ్‌లో 28 వార్డులు, వార్డుకి ముగ్గురు కౌన్సిలర్లు, మొత్తం 84 మంది. కౌన్సిలర్ అంటే మన హైదరాబాద్ లెక్కలో కార్పొరేటర్ అనుకోండి. కాకపోతే ఇక్కడ 84 సీట్లకి మామూలుగా ఒకేసారి ఎలక్షన్ పెట్టరు, ఏడాదికి మూడో వంతు చొప్పున పెడతారు, నాలుగో ఏడు ఖాళీ. అందుకే ఒక్క ఏడాదిలో కౌన్సిల్ తలకిందులైపోవడం జరగదు, మెల్లగా జరుగుతుంది. ఎలక్షన్ రోజు గురువారం, సెలవు ఉండదు, పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా చర్చి హాల్లోనో స్కూల్లోనో పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి మడిచి డబ్బాలో వేసి రావడమే. వేలికి సిరా లేదు, ఆటోలో మైకు లేదు, బైక్ ర్యాలీ లేదు, బిర్యానీ పొట్లం అసలే లేదు. నేను ఇక్కడికొచ్చిన మొదటి సంవత్సరం ఎలక్షన్ అయిపోయిన మూడ్రోజులకి తెలిసింది, ఎలక్షన్ జరిగిందని.

సరే, 2021. ఆ ఏడు పోటీకొచ్చినవి 28 సీట్లే. లేబర్ పార్టీ దగ్గర అప్పటికి 49 సీట్లున్నాయి, 8 పోయి 41కి దిగింది. మెజారిటీకి 43 కావాలి. లిబరల్ డెమొక్రాట్లు 29, గ్రీన్స్ 8 నుంచి 13కి పోయారు, కన్జర్వేటివ్స్‌కి స్టాక్స్‌బ్రిడ్జ్ వైపు ఒక్క సీటు. లేబర్‌కి షెఫీల్డ్ అంటే ఎట్లాంటి ఊరో మీకు తెలియాలి, దేశంలో పెద్ద నగరాల్లో లేబర్ చేతికి మొదట వచ్చింది ఇదే, 1926లో. మధ్యలో అప్పుడప్పుడు వేరేవాళ్లు కొన్నేళ్లు నడిపారు, అంతే. స్టీల్ ఫ్యాక్టరీల ఊరు, తాత వేసిన పార్టీకే మనవడు వేసే ఊరు. అట్లాంటి చోట మెజారిటీ పోయింది. ఇంకొకటి వినండి, కౌన్సిల్ లీడర్ బాబ్ జాన్సన్, ఆ జనవరిలోనే లీడర్ అయ్యారు, మేలో హిల్స్‌బరో వార్డులో సొంత సీటే పోగొట్టుకున్నారు. ఓడించింది గ్రీన్ పార్టీ. మన దగ్గర మేయర్ కాండిడేట్ తన డివిజన్‌లోనే ఓడిపోతే టీవీల్లో వారం రోజులు అదే నడుస్తుంది.

ఎందుకు పోయాయి సీట్లు? టీవీలో చెప్పే కారణాలు చాలా ఉన్నాయి, బ్రెగ్జిట్ అన్నారు, కోవిడ్ అన్నారు, లేబర్ జాతీయ నాయకత్వం అన్నారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఈ ఊళ్లో ఇంకోటుంది. చెట్లు.

నవ్వకండి తమ్ముడూ, నిజంగానే చెట్లు.

2012లో, లేబర్ చేతిలో ఉన్న కౌన్సిల్ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, వీధి దీపాలు అన్నీ కలిపి అమీ అనే కంపెనీకి 25 ఏళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది, విలువ 200 కోట్ల పౌండ్ల పైన. షెఫీల్డ్‌లో రోడ్ల పక్కన చెట్లే దాదాపు 36 వేలు. వేర్లు ఫుట్‌పాత్‌ని లేపుతున్నాయి, వీల్‌చెయిర్ పోదు, జబ్బు చెట్లు పడిపోతాయి, కాబట్టి కొట్టేసి కొత్తవి నాటుతాం అన్నారు. కొన్ని నిజంగానే కొట్టాల్సినవి, అందులో తప్పు లేదు. కానీ వందేళ్ల చెట్లు, ఏ రోగం లేనివి కూడా పోవడం మొదలైంది. కాంట్రాక్ట్‌లో 17,500 అనే నంబర్ ఉంది, పాత చెట్టు తీసి కొత్తది పెట్టడానికి. ఆ నంబర్ జనానికి 2018లో గానీ తెలియలేదు. ఆ లోపల ఐదు వేలకు పైగా చెట్లు పోయాయి.

2016 నవంబర్ 17. రస్ట్లింగ్స్ రోడ్, ఎండ్‌క్లిఫ్ పార్క్ పక్కనే, మీలో చాలామంది రీల్స్ చేసుకునే చోటు. తెల్లవారుజామున ఐదింటికి పోలీసులు తలుపులు కొట్టి కార్లు తియ్యండి అన్నారు, చీకట్లోనే ఎనిమిది చెట్లు కొట్టేశారు. అడ్డం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లని అరెస్ట్ చేశారు, డెబ్బై ఏళ్లవాళ్లు. ఏ చట్టం కింద? కార్మిక సంఘాల చట్టం కింద! పని చేసుకునేవాణ్ణి ఆపారని. తర్వాత ఆ కేసు వదిలేశారనుకోండి. అప్పుడు ఇక్కడ ఎంపీగా ఉన్న నిక్ క్లెగ్, ఒకప్పుడు దేశానికి డిప్యూటీ ప్రైమ్ మినిస్టర్, ఇది పుతిన్ రష్యాలో జరిగే పనిలా ఉందన్నారు.

ఇప్పుడు నా సంగతికి వస్తా. మేము అప్పుడు నెదర్ ఎడ్జ్ వైపు అద్దెకుండేవాళ్లం. పక్కింట్లో ఒక పెద్దావిడ, రిటైర్డ్ నర్స్, ఒక్కతే ఉండేది. ఆమె పేరు చెప్పను, ఆమెకి ఇష్టముండదు. మా ఆవిడ సంక్రాంతికి సకినాలు చేసి ఇస్తే టీలో ముంచుకుని తినేది. ఒకరోజు నేను డ్యూటీకి పోతుంటే ఆమె వాళ్ల తోట గోడకి వీపు ఆనించి, చెట్టు పక్కన కదలకుండా నిలబడి ఉంది. ఏమైందో అని పరేషాన్ అయ్యి దగ్గరికి పోయా. ఐ యామ్ ఎ గెకో అంది. గెకో అంటే బల్లి! నాకర్థం కాలేదు, ఈమెకి మతిపోయిందా అనుకున్నా. తర్వాత తెలిసింది, 2017లో హైకోర్టు ఆర్డర్ ఇచ్చింది, చెట్టు చుట్టూ కంచె పెట్టాక లోపలికి ఎవరూ పోకూడదని. కానీ సొంత గోడ లోపలి వైపు నిలబడితే అది సొంత జాగా కదా, కొమ్మ కింద మనిషుంటే కొట్టలేరు కదా. అట్లా గోడకంటుకుని నిలబడేవాళ్లకి గెకోలు అని పేరు. కంచె దూకి లోపలికి పోయేవాళ్లకి బన్నీలు, కుందేళ్లు. చలిలో, వానలో, డెబ్బై ఏళ్ల బల్లులు, అరవై ఏళ్ల కుందేళ్లు. ఇట్లా కొన్ని నెలలు.

ఆ రోజు ఆమె నన్ను ఒకటే అడిగింది. మొన్న ఓటు ఎవరికి వేశావు అని. నేను స్టైల్‌గా, నేను ఇండియన్ అండి, నాకిక్కడ ఓటు లేదు అన్నా. ఆమె నవ్వింది. ఉంది కదా, నువ్వు కామన్వెల్త్ కదా అంది. కామన్వెల్త్ అంటే ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల కింద ఉన్న దేశాల కూటమి. నేను నమ్మలేదు. ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే, ఉంది. వీసా మీదున్న ఇండియన్‌కి, స్టూడెంట్‌కైనా, డిపెండెంట్‌కైనా, 18 నిండి ఇక్కడ ఉంటున్నామంటే చాలు, కౌన్సిల్ ఎలక్షనే కాదు, పార్లమెంట్ ఎలక్షన్‌లో కూడా ఓటుంది.

అసలు సిగ్గుపడాల్సిన విషయం ఇది కూడా కాదు. నా పేరు అప్పటికే ఓటర్ లిస్టులో ఉంది! ఎందుకుందో తెలుసా? క్రెడిట్ స్కోర్ కోసం. వచ్చిన కొత్తలో ఫోన్ కాంట్రాక్ట్ రావట్లేదని ఒక సీనియర్ చెప్పాడు, ఎలక్టోరల్ రోల్‌లో పేరెక్కించుకో, స్కోర్ పెరుగుతుందని. ఎక్కించుకున్నా. ఆ తర్వాత ప్రతి ఏప్రిల్‌లో తెల్ల కార్డు ఒకటి ఇంటికొచ్చేది, నీ పోలింగ్ స్టేషన్ ఇదీ అని. నేను దాన్ని పిజ్జా పాంప్లెట్లతో కలిపి రీసైక్లింగ్ బిన్‌లో వేసేవాణ్ణి. 2014, 2015, 2016. మూడేళ్లు. పక్కింటి పెద్దావిడ వానలో బల్లిలాగా గోడకి అతుక్కుని నిలబడాల్సి వచ్చింది, నేనేమో నా దగ్గరున్న ఓటు చెత్తలో వేశాను. ఇక్కడ ఎంతమంది క్రెడిట్ స్కోర్ కోసం రిజిస్టర్ అయ్యారు, చేతులెత్తండి. ఆ... చూడండి, చూడండి. ఓటు వేసినవాళ్లు? ఇగ నేనేం మాట్లాడను.

సరే, ఎక్కడున్నాం. 2018 మార్చ్‌లో చెట్లు కొట్టడం ఆపారు. కానీ జనం అక్కడితో ఆగలేదు, నాకు నచ్చింది అదే. వీళ్లకొచ్చిన డౌట్ ఏంటంటే, 84 మందిని మనం గెలిపిస్తే, మా కౌన్సిలర్ చెట్లు కొట్టొద్దంటుంటే, మరి నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు? చూస్తే, లీడర్ ప్లస్ క్యాబినెట్, మొత్తం పది మంది దాకా. 2000లో వచ్చిన చట్టంతో పెద్ద కౌన్సిళ్లన్నీ దాదాపు ఇదే పద్ధతికి మారాయి. మిగతా 74 మంది ప్రశ్నలడగొచ్చు, అంతవరకే. పాత పద్ధతేమో కమిటీలు, అన్ని పార్టీల కౌన్సిలర్లు కూర్చుని తేల్చేది. 2011 చట్టంలో ఒక క్లాజ్ ఉంది, ఊళ్లో ఓటర్లలో 5 శాతం సంతకాలు పెడితే పద్ధతి మార్చాలా వద్దా అని రెఫరెండం పెట్టాల్సిందే. ఇట్స్ అవర్ సిటీ అని ఒక గ్రూప్ మొదలుపెట్టింది, మార్కెట్లో, బస్టాప్‌ల దగ్గర టేబుల్ వేసుకుని. కావాల్సింది 20 వేల చిల్లర, వచ్చింది సుమారు 26 వేలు. 2020లో జరగాల్సింది కోవిడ్ వల్ల 2021 మే 6కి పోయింది, కౌన్సిల్ ఎలక్షన్ రోజే. అందుకే ఆ రోజు మాకు మూడు పేపర్లు ఇచ్చారు, కౌన్సిలర్‌కి ఒకటి, పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్‌కి ఒకటి, దాంట్లో మళ్లీ మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని రెండు కాలమ్స్, ఇంకా ఈ రెఫరెండం. పెన్సిల్ ఇంటి నుంచే తెచ్చుకోమన్నారు, మాస్క్ పెట్టుకుని మా పాప స్కూల్ పెన్సిల్ తీసుకుపోయా, దాని మీద యునికార్న్ బొమ్మ. నా జీవితంలో ఇంగ్లండ్‌లో మొదటి ఓటు యునికార్న్ పెన్సిల్‌తో.

మార్చాలి అన్నవాళ్లు దాదాపు 90 వేలు, వద్దన్నవాళ్లు 49 వేల లోపు. నూటికి 65 మంది. లేబర్ లీడర్లేమో ఉన్న పద్ధతే మేలన్నారు. అంటే ఒకే రోజు అదే జనం రెండు రకాలుగా చెప్పారన్నమాట, ఒకటి సీట్లలో, ఇంకోటి పద్ధతిలో. పేపర్లో వచ్చే టేబుల్‌లో మీకు మొదటిదే కనిపిస్తుంది. ఆ తర్వాత లేబర్, గ్రీన్స్ కలిసి నడుపుకున్నారు, 2022 మే నుంచి కమిటీల పద్ధతి వచ్చింది. 2023 మార్చ్‌లో సర్ మార్క్ లోకాక్, ఐక్యరాజ్యసమితిలో చేసొచ్చిన ఆయన, ఈ చెట్ల గొడవ మీద ఎంక్వైరీ రిపోర్ట్ ఇచ్చారు, కౌన్సిల్ జనాన్ని, కోర్టుని కూడా తప్పుదోవ పట్టించిందని తేల్చారు. కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. చెప్పింది, అది ఒప్పుకోవాలి.

కమిటీలొస్తే అన్నీ బాగయ్యాయా అని అడగొద్దు. మీటింగ్‌లు ఎక్కువయ్యాయి. రోడ్డు మీద గుంత గుంతలాగే ఉంది.

నాది వికారాబాద్ వైపు. హైదరాబాద్ పోవాలంటే చేవెళ్ల మీదుగా పోవాలి, రోడ్డుకి రెండు పక్కలా మర్రి చెట్లు, బస్సు కిటికీలోంచి ఊడలు పట్టుకోవాలని చెయ్యి బయటపెట్టి మా నాయన చేత ఎన్ని దెబ్బలు తిన్నానో. ఆ రోడ్డు వెడల్పు చేస్తామంటే, ఆ మర్రి చెట్ల కోసం గ్రీన్ ట్రైబ్యునల్ దాకా పోయారు అక్కడి పిల్లలు కొందరు. ఆ వార్త నేను ఇక్కడ నెదర్ ఎడ్జ్‌లో కూర్చుని చదివా. అప్పుడు కూడా నేనేం చెయ్యలేదు, లైక్ కొట్టా. ఇది ప్రసంగంలో రాసుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది.

టైమ్ అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. రెండే నిమిషాలు. 2021లో పేరు చెప్తే చాలు, ఇప్పుడు 2023 మే నుంచి ఫోటో ఐడీ చూపించాలి. మీ స్టూడెంట్ కార్డు చెల్లదు, ఆధార్ చెల్లదు, కానీ మన ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, కామన్వెల్త్ కదా. 2021లో ఆ రోజు పోలైంది దాదాపు మూడో వంతు ఓట్లే. మనవాళ్లనే అనట్లేదు, 2020లో మన జీహెచ్ఎంసీకి 150 డివిజన్లు, సెలవిచ్చి మరీ పెడితే సగం మంది కూడా రాలేదు.

ఆ పెద్దావిడ ఇప్పుడు కూతురి దగ్గరికి, వేరే ఊరికి పోయింది. ఆమె గోడ పక్కన చెట్టు ఉంది ఇంకా. పోయినవారం అటు పోయినప్పుడు చూశా, ఫుట్‌పాత్ అట్లనే లేచి ఉంది, తట్టుకుని పడబోయా కూడా.

పులిహోర లైన్ మొదలైందంటున్నారు. నేను ఆ చివర, నీళ్ల బాటిళ్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటా. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, అదే ఇక్కడ పని చేసేవాళ్లకి ఇచ్చే నంబర్, పోస్ట్‌కోడ్ ఉంటే ఓటర్ లిస్టులో పేరెక్కించడం ఐదు నిమిషాల పని. నంబర్ ఇంకా రానివాళ్లు కూడా రండి, దానికీ దారుంది. ప్లేట్ పట్టుకునే రండి, ఏం పర్లేదు.