ఫుట్‌పాత్ మీద డేరాలు: కర్నూలు స్టూడియోలో చర్చ

(ప్రసారం విని రాసింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడినచోట వినబడినంతే రాశాను.)

యాంకర్: నమస్కారం. ఆసుపత్రి రోడ్డులో డేరాలను మొన్న తెల్లారుజామున తీసేశారు. అది న్యాయమేనా? అందరికీ సమానంగా టైమిస్తాం. ముందు వ్యాపారుల తరఫున అన్న చెప్తారు.

వ్యాపారి: ఫుట్‌పాత్ నడిచేదానికా, సంసారం పెట్టేదానికా? నా అంగడి ముందర పదకొండు డేరాలు. షట్టర్ ఎత్తల్లంటే పొయ్యిరాళ్లు జరపల్ల. గిరాకీ యాడొస్తుంది? బడిపిల్లలు రోడ్డు మీదికి దిగి నడుస్తున్నారు...

కార్యకర్త: అన్నా, ఒక్క నిమిషం...

వ్యాపారి: ముగించనీ తల్లీ. ఆస్తిపన్ను మేం కడతాం, లైసెన్సు మేం కడతాం...

యాంకర్: అసలు వీళ్లు లోకలా, బయటివాళ్లా? జనాలు అడిగేది అదే.

కార్యకర్త: కొందరు రోగులకు తోడొచ్చినవాళ్లు సార్. మంచం రోగికే ఇస్తారు, తోడొచ్చినవాళ్లు బయటే పడుకుంటారు. ఇంకొందరు పాత ఇనుము ఏరుకునేవాళ్లు. ఒక అవ్వ ఉంది, రేషన్ కార్డును పాలకవర్లో చుట్టి కొంగుకు ముడేసుకుంటుంది. ఆ పొద్దు ఆమె పట్ట, దుప్పటి, సట్టి ట్రాక్టర్లో వేసుకుపోయారు. సట్టిలో రాత్రి సంగటి ఉంది. "పట్ట పోతేపోయింది, సట్టి ఇయ్యి నాయనా" అని ట్రాక్టర్ వెంట...

వ్యాపారి: పాపమే, నేను కాదన్నానా? నా ఇబ్బంది ఎవరికి చెప్పుకోవల్ల?

లాయర్: 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉండేవాళ్ల గురించిన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది...

వ్యాపారి: ఫుట్‌పాత్ ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని కూడా అంది! అది చెప్పండి!

లాయర్: అంది. దాంతోపాటే, మామూలుగా నోటీసిచ్చి వాళ్ల మాట వినాలంది. తెల్లారుజామున నోటీసేది?

యాంకర్: అమెరికా సుప్రీంకోర్టే 2024లో బయట పడుకుంటే జరిమానా వేయొచ్చంది కదా?

వ్యాపారి: చూశారా! అమెరికానే అంది!

లాయర్: అది ఆరిగన్‌లో గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసు, 6-3తో వచ్చిన తీర్పు. క్రూరమైన శిక్షలు వేయకూడదనే అక్కడి రాజ్యాంగం ఎనిమిదో సవరణ మీద నడిచింది. మనకున్నది జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం. ఇంకోటి, కేంద్ర పథకం లెక్కన లక్ష జనాభాకు కనీసం వందమంది పట్టే షెల్టర్ ఉండాలి. 2011 జనాభా లెక్కలకే మన ఊరు నాలుగు లక్షలు దాటింది. అంటే...

యాంకర్: లోకల్ వాళ్లకే షెల్టర్ ఇస్తే సరిపోతుందా?

కార్యకర్త: మళ్లీ లోకలేంది సార్! మన కోసిగి, కౌతాళం వాళ్లు గుంటూరుకు మిరపకాయలు కోసేదానికి పోయి చేలగట్ల మీద డేరాలేసుకుంటారు. అక్కడ వాళ్లు బయటివాళ్లేనా? 1953లో ఈ ఊరు రాజధాని అయినప్పుడు ఆఫీసులే డేరాల్లో నడిచాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఇప్పటికీ అంటున్నాం...

వ్యాపారి: ఆ రాజధాని 1956లో పోయింది! ముందు దాని గురించి మాట్లాడండి!

యాంకర్: అవును, సీమకు జరిగిన అన్యాయం...

(ముగ్గురూ ఒకేసారి. రెండు నిమిషాలు రాజధాని మీదే పోయింది. డేరాల ఊసే లేదు.)

కార్యకర్త: అన్నా, 2009లో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకొచ్చినప్పుడు మీరు యాడ పడుకున్నారు?

వ్యాపారి: ...స్కూల్లో. నాలుగు రోజులు.

కార్యకర్త: నీది ఏ ఊరని ఎవరన్నా అడిగారా?

వ్యాపారి: అది వరదమ్మా! వరద తీసింది, ఇంటికి పోయినాం. ఇది రోజూ ఉండేదే. ఫుట్‌పాత్ నడిచేదానికా కాదా? దానికి జవాబు చెప్పండి!

లాయర్: షెల్టర్ల సంగతి పూర్తి కానీయండి. మొగుణ్ణి ఒకచోట, పెళ్లాన్ని ఒకచోట పెడితే, ఇనుము మూట లోపలికి రానీయకపోతే ఎవరు పోతారు...

వ్యాపారి: షెల్టర్ ఉన్నా పోరని మీరే అంటున్నారు! ఇంకేం?

లాయర్: అట్లా అనలేదు...

యాంకర్: టైమైపోయింది. అన్నా, చివరి మాట మీది.

వ్యాపారి: మళ్లీ వేస్తే మళ్లీ తీయల్ల. అంతే.

కార్యకర్త: ఆ సామాన్లు యాడ పెట్టారో అదన్నా చెప్పమనండి సార్, అవ్వ రోజూ వచ్చి...

(సంగీతం)