రికార్డు ప్లేయరు ఇప్పుడు కొనవచ్చా? రేడియోతో పెరిగిన ఒక శ్రోత సమీక్ష

నమస్కారం. ఈ వీడియోలో 20 వేల రూపాయల లోపు దొరికే, బెల్టుతో తిరిగే, మూడు వేగాలున్న ఒక మామూలు రికార్డు ప్లేయరును సమీక్షిస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ ధరలో వచ్చే యంత్రాలు చాలావరకు ఒకే తీరులో పనిచేస్తాయి కాబట్టి, పేరు కంటే ఆ తీరు తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం. దీన్ని నా డబ్బుతోనే కొన్నాను. నా గురించి కూడా ఒక మాట ముందే చెప్పాలి. నేను పాడను, ఏ వాద్యమూ వాయించను. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు తెలిసిందల్లా వినడమే. రేడియోతో మొదలుపెట్టి టేపురికార్డరు, సీడీ, ఫోను దాకా ఏది చేతికందితే దాని మీద వింటూ వచ్చాను. అందువల్ల యంత్రం ఎంత అందంగా ఉందన్నది పక్కన పెట్టి, కర్ణాటక సంగీతాన్నీ రంగస్థల పద్యాలనూ ఇష్టపడే ఒక శ్రోతకు దీనివల్ల ఏం ఒరుగుతుందో మాత్రమే చూస్తాను.

ముందు అమరిక గురించి. పెట్టెలోంచి తీయగానే పాట పలికించే వస్తువు కాదిది. రికార్డును తిప్పే పళ్ళెం కింద బెల్టు తొడగాలి, సూదిని మోసే చేయి వెనక ఉన్న బరువును తిప్పి సూది రికార్డు మీద మోపే భారాన్ని సరిచేయాలి. నేను 2 గ్రాముల దగ్గర నిలిపాను. భారం మరీ తక్కువైతే సూది గాడిలో నిలవక ఎగిరిపడుతుంది, ఎక్కువైతే రికార్డు త్వరగా అరిగిపోతుంది. రెండింటిలో మొదటిదే ఎక్కువ హాని చేస్తుందని చాలామందికి తెలియదు. ఎగిరిపడే సూది గాడి గోడలను గీరుతుంది.

ఫోనో ప్రీఆంప్లిఫయర్ లోపలే ఉంది. ఇది లేకుండా రికార్డు ప్లేయరును నేరుగా స్పీకరుకు కలిపితే పాట పీలగా, కీచుగా వినిపిస్తుంది. రికార్డును చెక్కేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను పెంచి చెక్కుతారు. అలా చేయకపోతే మంద్రధ్వనులకు గాడి మరీ వెడల్పుగా ఊగి, ఒక్కో వైపు పట్టే నిడివి తగ్గిపోతుంది. ఈ హెచ్చుతగ్గులను 1950ల మధ్య నాటికి కంపెనీలు ఒకే పద్ధతిలోకి తెచ్చాయి. వాటిని తిరగేసి పాటను యథాస్థితికి తెచ్చే చిన్న సర్క్యూటే ఈ ప్రీఆంప్లిఫయర్. ఇది లోపల లేని ప్లేయరు కోసం బజారులో పాత ఆంప్లిఫయర్ చవకగా దొరికిందని కొనేవారు దాని వెనక ‘ఫోనో’ అని రాసిన రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి.

వేగం పరీక్ష మాత్రం కర్ణాటక సంగీతం వినేవారు తప్పక చేయవలసినది. పళ్ళెం వేగం నూటికి ఆరు వంతులు పెరిగితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. ఒక్క శాతం తేడా వచ్చినా, పక్కన తంబూరా యాప్ పెట్టుకుని వింటే చెవికి గుచ్చుకుంటుంది. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదీ కొలిచే యాప్‌లు ఉన్నాయి. ఫోనును పళ్ళెం మీద పెడితే లోపలి గైరోస్కోప్ లెక్క చెబుతుంది. నా యంత్రం ఎల్పీ (ఒక వైపు ఇరవై నిమిషాలు పట్టే పెద్ద రికార్డు) వేగమైన 33⅓ దగ్గర బాగానే నిలిచింది, 78 దగ్గర కాస్త ముందుకు పరుగెత్తింది. కింద ఒక చిన్న మర ఉంది, దాన్ని తిప్పి సరిచేశాను. అయితే 78 పేరుతో వచ్చిన పాత రికార్డులన్నీ నిజంగా 78 చుట్ల దగ్గరే తీసినవి కావు. కొన్ని తక్కువ వేగంలో, కొన్ని ఎక్కువ వేగంలో తీసినవి ఉన్నాయి. పాత విద్వాంసుడెవరో అంత పెచ్చు శ్రుతిలో పాడారని ఆశ్చర్యపోయే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు వినికిడి. మొదట 78 రికార్డుల సంగతి. మన పెద్దలు వీటిని గ్రామఫోన్ ప్లేట్లు అనేవారు. మన దేశంలో రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది, గాయని గౌహర్ జాన్ పాటలు ఆనాటివే. పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర మాత్రమే. గంట సేపు ఒకే రాగాన్ని సాగదీయగల విద్వాంసులు ఈ మూడు నిమిషాల్లో ఏం చేయగలరన్న ప్రశ్నకు వాళ్ళు రకరకాల జవాబులు చెప్పారు. కొందరు ఒక వైపు రాగాలాపన, రెండో వైపు కీర్తన ఇచ్చారు. కొందరు కీర్తనను పరుగెత్తించి, చివర రెండు ఆవర్తాల స్వరకల్పనకు చోటు చేసుకున్నారు. ఈ పరుగు నాకు అంతగా నచ్చదని నిజాయితీగా చెబుతాను. కీర్తనకు మూడు నిమిషాలు చాలవు.

పద్యానికి మాత్రం అవి సరిగ్గా సరిపోతాయి. నాటకంలో నటుడు పద్యం ఎత్తుకుని, నాలుగో పాదం చివర రాగం తీస్తూ పోతే ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. వేదిక మీద ఆ రాగం ఎంతసేపైనా సాగేది. రికార్డులో సాగడానికి వీల్లేదు. సూది లోపలి అంచుకు చేరేలోగా నటుడు పద్యమంతా చెప్పి, రాగం ఎత్తి, దించి, ఆపాలి. నా దగ్గరున్న ఒక పద్యాల రికార్డులో గాయకుడు చివరి సంగతి ముగించీ ముగించకముందే హార్మోనియం ఠక్కున ఆగిపోతుంది. ఎవరో చేయెత్తి సైగ చేసి ఉంటారని నా ఊహ. వేదిక మీది సాగదీత లేకపోవడం వల్ల పద్యంలో మాట స్పష్టంగా నిలబడింది. పద్యాలు వినడానికి 78 రికార్డును మించిన రూపం లేదని నా అభిప్రాయం. కాదనేవారు నాటకాలు నేరుగా చూసినవారై ఉంటారు, వారితో నేను వాదించను.

78 రికార్డులకు వేరే సూది కావాలి. ఎల్పీ గాడి సన్నం, 78 గాడి అంతకంటే బాగా వెడల్పు. ఎల్పీ సూదితో పాత రికార్డు వేస్తే అది గాడి అడుగున ఉన్న దుమ్మునంతా తవ్వుతూ పోతుంది, పాట కంటే గరగర ఎక్కువ వినిపిస్తుంది. సూది మార్చిన తరవాత ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విన్నాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పి, తరవాత అక్కడే ప్రిన్సిపాలైన విద్వాంసుడాయన. పొడవైన కమాను, స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగే నాదం ఆయనది. రికార్డు గరగర వెనక నుంచి కూడా ఆ నాదం తెగకుండా నడిచింది.

అదే పరీక్ష వీణకు పెడితే ఫలితం వేరుగా వచ్చింది. వీణ మీద మీటు పడిన మరుక్షణం నుంచి శబ్దం తగ్గుతూ పోతుంది. వైణికుడి ప్రతిభ అంతా ఆ తగ్గుతున్న శబ్దంలోనే ఉంటుంది, తీగను పక్కకు లాగి తీసే గమకాలన్నీ అక్కడే పలుకుతాయి. చిట్టిబాబుగారి ఎల్పీ ఒకటి, అదే వాద్యం సీడీ మీద ఒకటి మార్చి మార్చి విన్నాను. ఎల్పీలో మీటు గుండ్రంగా, దగ్గరగా వినిపించింది. కానీ చివరి గమకం సన్నబడుతున్న చోట రికార్డు చిటపట దాన్ని మింగేసింది. సీడీలో ఆ గమకం పూర్తిగా ఆగేదాకా వినిపించింది. ఇది నా రికార్డు ఒక్కదాని లోపం కాదు. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఉండే దూరం సీడీలో సుమారు 96 డెసిబెల్లు, మంచి ఎల్పీలో దాదాపు 70. రికార్డుల మీద పాట ‘వెచ్చగా’ ఉంటుందని వ్యాపారులు చెప్పే మాటను నేను కొట్టిపారేయను. అయితే వీణ ఎక్కువగా వినేవారు ఆ మాట నమ్మి డబ్బు పెట్టవద్దని చెబుతాను.

ఎల్పీకి ఇంకొక సహజ లోపం ఉంది. పళ్ళెం ఒకే వేగంతో తిరుగుతుంది కానీ, బయటి అంచు దగ్గర సూది కిందనుంచి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి జరిగితే, లోపలి అంచు దగ్గర 21 సెంటీమీటర్లే జరుగుతుంది. ఉన్న పాటను తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే ప్రతి వైపు చివరి పాటలో ‘స’, ‘శ’ అక్షరాలు బుస కొడతాయి. గాత్రం రికార్డుల్లో ఇది బాగా తెలుస్తుంది.

ఇన్ని లోపాలు చెప్పిన తరవాత కూడా దీన్ని ఎందుకు ఉంచుకున్నానంటే, కారణం శబ్దంలో లేదు. ఎల్పీ అట్ట వెనక వైపు ఉంది. దాని మీద కీర్తన, రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఒక్కోసారి తంబూరా ఎవరో కూడా రాసి ఉంటుంది. ఇరవై నిమిషాలు ఒక వైపు తిరుగుతుంటే చేతిలో ఆ అట్ట తప్ప ఇంకేమీ ఉండదు. రెండో వైపు తిప్పడానికి లేచే లోపు ఒక రాగం పేరు, ఒక పక్కవాద్యగాడి పేరు నోటికొచ్చేస్తాయి.

నాకు ఈ అలవాటు రికార్డులతో రాలేదు, రేడియోతో వచ్చింది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద పలికేది. మీడియం వేవ్‌లో పై స్థాయి ధ్వనులు సగానికి పైగా పోతాయి, మృదంగం కుడివైపు పలికే చాపు అనే దెబ్బ మొద్దుబారి వినిపించేది. అయినా పొద్దున భక్తిరంజని మొదలుకొని రాత్రి కచేరీ దాకా, ప్రతి అంశానికీ ముందు అనౌన్సరు నింపాదిగా రాగం, తాళం, రచన చెప్పి, వయొలిన్ సహకారం ఎవరిదో, మృదంగ సహకారం ఎవరిదో చెప్పి, ఆపైన పాట వినిపించేవారు. ఆలాపన రెండు నిమిషాలు సాగేలోపు ఆ పేరూ ఆ నడకా చెవిలో జతపడేవి. సంగీతం నేర్చుకోని మాలాంటివారికి అదే బడి. బాలమురళీకృష్ణగారు, ఈమని శంకరశాస్త్రిగారు ఎవరో నాకు మొదట తెలిసింది అనౌన్సరు నోటి నుంచే.

ఆ కచేరీలను మా ఇంట్లో టేపు చేసుకునేవాళ్ళం. రేడియో ముందు టేపురికార్డరు పెట్టి, ప్లే మీటనూ రికార్డు మీటనూ కలిపి నొక్కి, ఇంటిల్లిపాదినీ మాట్లాడవద్దని హెచ్చరించేవాళ్ళం. కుక్కరు హెచ్చరిక వినదు. ఒక వీణ కచేరీలో తోడి రాగం మంద్రస్థాయికి దిగుతున్న చోట కుక్కరు రెండు విజిళ్ళు వేసింది. ఆ టేపు ఎన్నిసార్లు విన్నానంటే, ఇప్పటికీ ఎవరు తోడి ఆలాపించినా మంద్రానికి దిగే చోట నా చెవి ఆ విజిళ్ళ కోసం చూస్తుంది. క్యాసెట్టు గురించి నేను చేయగలిగిన సమీక్ష అంతే. 90 నిమిషాల క్యాసెట్టులో గంట కచేరీ హాయిగా పట్టేది, టేపు సన్నం కాబట్టి చిక్కుపడేది.

ఫోను మీద పాటలకు కొదవ లేదు. నేను జీవితంలో వినలేకపోతాననుకున్న విద్వాంసుల కచేరీలు ఇప్పుడు నిమిషంలో దొరుకుతున్నాయి, ఆ మేలు కాదనను. కానీ పాట పక్కన పక్కవాద్యగాళ్ళ పేర్లు ఉండవు, రాగం పేరు ఉంటే తాళం ఉండదు. ఆలాపనను ఒక ముక్కగా, కీర్తనను ఇంకొక ముక్కగా కోసి, మధ్యలో అర క్షణం నిశ్శబ్దం వదులుతారు. కొన్నిసార్లు ఆ మధ్యలోకి సబ్బు ప్రకటన వస్తుంది. వరసను కలగాపులగం చేసే మీట నొక్కి ఉంటే ఆలాపన కంటే ముందే మంగళం వినిపిస్తుంది. ఇవి సాంకేతికంగా తీర్చలేని లోపాలేమీ కావు. ఎవరికైనా పట్టి ఉంటే తీరేవి.

ఇక తీర్పు. ఇంట్లో తాతల నాటి రికార్డులు అటక మీద ఉండి, వాటిలో పద్యాలు, వయొలిన్, నాదస్వరం ఎక్కువగా ఉంటే ఈ యంత్రం కొనండి. అట్టతో సహా ఎల్పీలు పోగుచేసుకోవాలనుకునేవారూ కొనవచ్చు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు లాంటి పాత సామానుల సంతల్లో ఓపికగా వెతకాలి. అక్కడ రికార్డును అట్టలోంచి తీసి, ఎండకు ఏటవాలుగా పట్టి చూడండి. వెంట్రుక లాంటి గీతలు ఫరవాలేదు, గోరు తగిలే గీత ఉంటే వద్దు. ఒక్క రికార్డు కూడా లేకుండా, శబ్దం బాగుంటుందన్న ఆశతో మాత్రమే కొనేవారికి నా సలహా వేరు. అదే డబ్బుతో మంచి స్పీకర్ల జత కొనుక్కోండి, ఫోను పాటైనా రేడియో పాటైనా వాటి మీద ఇంతకంటే బాగా పలుకుతుంది.

కొనేవారు దుకాణంలో రెండు ప్రశ్నలు అడగండి. యంత్రంలో 78 వేగం ఉందా, దానికి తగిన వెడల్పు సూది విడిగా అమ్ముతారా? మొదటిదానికి ఉందని, రెండోదానికి లేదని జవాబు వస్తే ఆ 78 మీట ఉన్నా లేనట్టే. మామూలు సూది కూడా 500 నుంచి 1000 గంటల లోపు మార్చవలసి వస్తుంది కాబట్టి, దాని ధర కూడా అప్పుడే కనుక్కుని కాగితం మీద రాసుకోండి.