అమ్మ సోల, నా త్రాసు

(జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు కాలనీ కమ్యూనిటీ హాల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నాకు పది నిమిషాలే ఇచ్చారు కాబట్టి వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకటే దండం. సైకిలు గుండెకు మంచిదని, గాలికి మంచిదని ఇంతవరకూ విన్నారు. నేను మాట్లాడాల్సింది తిండి గురించి. రోజూ తొక్కుతున్నా బరువు తగ్గడం లేదని ఈ హాల్లో ఉన్నవాళ్లే నలుగురైదుగురు నా దగ్గర బాధపడ్డారు.

నాదీ అదే అనుభవం. రిటైరైన ఏడాది తార్నాక నుంచి ట్యాంక్‌బండ్ దాకా రోజూ వెళ్లి వచ్చేవాణ్ని. మొదలుపెట్టిన రోజు 86 కిలోలు, ఆరు నెలలకు 87. అంత బరువున్న మనిషి ఓ మోస్తరు వేగంతో గంట తొక్కితే సుమారు 500 కేలరీలు ఖర్చవుతాయి. తొక్కడం కాగానే మా జట్టంతా టిఫిన్ బండి దగ్గర ఆగేవాళ్లం. రెండు వడలు, నెయ్యి దోశ, కొబ్బరి చట్నీ, చక్కెర దండిగా వేసిన టీ. గంటసేపట్లో కరిగింది పావుగంటలో మళ్లీ ఒంట్లో చేరేది, ఇంకాస్త ఎక్కువే చేరేది.

అప్పుడు ఫోన్లో కేలరీల యాప్ ఒకటి పెట్టుకున్నాను. వెతికితే అందులో గోంగూర పప్పు దొరకలేదు. ‘ఒక కప్పు అన్నం’ అని మాత్రం ఉంది. ఎవరింటి కప్పు? ఇలా కాదని వంటింటి త్రాసు కొన్నాను. పొరపాటు అక్కడే జరిగింది. వండిన అన్నం తూచి, బియ్యం లెక్కలో రాసుకున్నాను. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీల దాకా ఉంటాయి. అవే ఉడికి నీళ్లు పీల్చుకుంటే రెండున్నర, మూడు రెట్ల బరువవుతాయి. అందుకే వంద గ్రాముల అన్నంలో ఉండేవి 130 కేలరీలే. నేను 300 గ్రాముల అన్నం తిని వెయ్యి దాటిపోయానని హడలిపోయాను. నిజానికి తిన్నది 400. ఆ భయంతో రాత్రి అన్నం మానేశాను, తెల్లవారుజామున ఖాళీ కడుపుతోనే సైకిలెక్కాను.

పదో రోజున ట్యాంక్‌బండ్ మీద చేతులు వణికాయి, చల్లని చెమట పట్టింది, కళ్లు బైర్లు కమ్మాయి. సైకిలు రెయిలింగుకు ఆనించి అక్కడే కూలబడ్డాను. రోడ్డు ఊడుస్తున్న ఒకావిడ చీపురు పక్కన పెట్టి వచ్చింది. “పొద్దుగాల ఏమన్న తిన్నవా అన్నా?” అంది. లేదమ్మా అన్నాను. స్టీలు డబ్బా విప్పి, మూతలో పెరుగన్నం పెట్టి, అంచున ఇంత మామిడికాయ తొక్కు వేసి ఇచ్చింది. ఆమె సద్దిలో సగం నేనే తిన్నాను.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పకుండా ముందుకు పోలేను, అధ్యక్షులవారు మన్నించాలి. ఇంట్లో మేం ఏడుగురం. బియ్యం డబ్బాలో ఎప్పుడూ ఒక ఇత్తడి సోల ఉండేది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అమ్మ సోల నిండా ముంచి, పైన గుట్టగా నిలిచిన గింజల్ని అరచేత్తో సమంగా తోసేది. నాన్న దుక్కికి పోయే రోజు ఒక గిద్దె ఎక్కువ పోసేది. వాన పడి ఇంట్లో కూర్చున్న రోజు ఆ గిద్దె పోసేది కాదు. కేలరీలు లెక్కపెట్టడం మన అలవాటు కాదని మా బంధువొకాయన అంటుంటాడు. పనిని బట్టి తిండి కొలవడం మా ఇంట్లో రోజూ జరిగింది. కొలత మరిచిపోయినవాణ్ని నేనే.

ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె అవుతుంది? సిగ్గుపడకుండా చేతులెత్తండి. ఇద్దరే ఉన్న ఇంట్లో మూడు లీటర్లా? మాకూ అంతే అయ్యేది! మనిషికి రోజుకు 50 మిల్లీలీటర్లు. గ్రాము నూనెకు 9 కేలరీలు కాబట్టి 400 దాటుతుంది. అన్నం ఒక పూటంతా మానేసిన నేను నూనె జోలికే పోలేదు చూడండి. మా ఆవిడ గరిటె మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఒకటిన్నర లీటరు.

లెక్కలకు ఎక్కడికో పోనక్కర్లేదు. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో తినే 528 ఆహార పదార్థాల పోషక విలువలను 2017లో పట్టికలుగా అచ్చువేసింది. ఆ గేటు ముందు నుంచే ఇన్నేళ్లు సైకిలు తొక్కాను!

ఇప్పుడు బయల్దేరే ముందు ఒక అరటిపండు, వచ్చాక ఇంట్లో పెసరట్టు. మధ్యాహ్నం తూచిన అన్నం, కడుపునిండా కూర, పప్పు. ఒంట్లో కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకు 250 తగ్గిస్తే కిలో తగ్గడానికి నెల పడుతుంది. 87 నుంచి దిగడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది, ఇప్పుడు 79 కిలోలు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా తిండి తగ్గించి సైకిలెక్కొద్దు. దండం పెట్టి చెబుతున్నాను.

అదిగో, ఆ బల్ల మీద త్రాసు ఉంది, పక్కన మా ఇంట్లో వండి తెచ్చిన అన్నం ఉంది. రోజూ మీరు పెట్టుకునేంత కంచంలో పెట్టుకోండి. ఎన్ని గ్రాములుంటుందో ముందు నోటితో చెప్పండి, ఆ తర్వాత తూద్దాం. వెనక వరసలో చెయ్యెత్తారే, అమ్మా, మొదట మీరు రండి.