పార్టీ నియమావళి ఎలా మారుతుంది

శ్రోతలకు నమస్కారం.

సభ్యత్వ నమోదు జరిగే రోజుల్లో ఊళ్లో కార్యకర్త రుసుము చెల్లించి పార్టీ కార్డు తీసుకుంటాడు. ఆ కార్డుతో అతనికి ఏ హక్కులు వచ్చాయో, అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకోవాలో, ఎన్నేళ్లకు ఒకసారి ఎన్నుకోవాలో, తనను సస్పెండ్ చేసే అధికారం ఎవరికి ఉందో చెప్పేది పార్టీ నియమావళి. దాన్ని చదివిన కార్యకర్తలు చాలా తక్కువ. అది మారినప్పుడు మారేది మాత్రం వాళ్ల హక్కులే. అందుకే ప్రాంతీయ పార్టీలు తమ నియమావళిని ఏ పద్ధతిలో మార్చుకుంటాయో, ఆ పద్ధతి తప్పితే ఏమవుతుందో ఈ ప్రసంగంలో చెప్పదలిచాను.

మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ఊసు మొదట లేదు. 1985లో ఫిరాయింపుల నిరోధం కోసం పదో షెడ్యూలు చేర్చినప్పుడే వాటికి అందులో చోటు దొరికింది. పార్టీల నమోదుకు సంబంధించిన నిబంధన ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షన్‌లో ఉంది. ఇది 1989 నుంచి అమల్లో ఉంది. నమోదు కోరే ప్రతి పార్టీ తన నియమావళిని కేంద్ర ఎన్నికల సంఘానికి సమర్పించాలి. భారత రాజ్యాంగానికి, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య సూత్రాలకు విధేయంగా ఉంటామని అందులో స్పష్టంగా రాసుకోవాలి. ఆ తర్వాత పేరు, ప్రధాన కార్యాలయం, పదాధికారులు, చిరునామా, మరే ముఖ్యమైన విషయం మారినా ఆలస్యం చేయకుండా సంఘానికి తెలియజేయాలి. అంటే సవరణకు రెండు అంచెలు ఉన్నాయి. సమావేశంలో తీర్మానం ఆమోదించడం ఒకటి, దాన్ని ఎన్నికల సంఘం రికార్డులకు ఎక్కించడం రెండోది.

ఈ రెండు అంచెల మధ్య ఎంత దూరం ఉంటుందో మన తెలంగాణలోనే చూశాం. 2022 అక్టోబరు 5న, దసరా రోజున, హైదరాబాద్‌లోని తెలంగాణ భవన్‌లో సర్వసభ్య సమావేశం జరిగింది. తెలంగాణ రాష్ట్ర సమితి పేరును భారత్ రాష్ట్ర సమితిగా మారుస్తూ, నియమావళిని సవరిస్తూ అందులో తీర్మానం ఆమోదించారు. బయట బాణసంచా కాల్చారు, కొత్త పేరు వాడకంలోకి వచ్చేసింది. నవంబరు 3న మునుగోడు ఉప ఎన్నిక జరిగినప్పుడు మాత్రం ఆ పార్టీ అభ్యర్థి పాత పేరుతోనే పోటీ చేయాల్సి వచ్చింది, ఎందుకంటే సంఘం అప్పటికి మార్పును ఆమోదించలేదు. పేరు మార్పుపై అభ్యంతరాలు ఉన్నవారు తెలపవచ్చని పత్రికల్లో బహిరంగ ప్రకటన ఇచ్చి, గడువు ముగిసిన తర్వాత, డిసెంబరు 8న ఆమోదం వచ్చింది. దసరా నాటి తీర్మానం చట్టం దృష్టిలో పూర్తి కావడానికి రెండు నెలలు పట్టింది. ఈ ఆలస్యాన్ని అనవసరమైన ఆఫీసు తతంగంగా చూడకూడదని నా అభిప్రాయం. సమావేశ మందిరానికి రాని మామూలు సభ్యుడికీ, ఓటరుకీ తన అభ్యంతరం చెప్పుకునే వ్యవధి ఆ నడిమి కాలంలోనే దొరికింది.

పేరు మార్పు నలుగురికీ కనిపించే మార్పు. పదవీకాలం గురించిన సవరణ అలా కనిపించదు, ప్రభావం మాత్రం అంతకంటే లోతైనది. 2022 జూలై 8, 9 తేదీల్లో గుంటూరు జిల్లాలో నాగార్జున విశ్వవిద్యాలయం సమీపాన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ప్లీనరీ జరిగింది. అధ్యక్షుడు జీవితకాలం ఆ పదవిలో ఉండేలా నియమావళిని సవరించినట్లు ఆ సందర్భంలో వార్తలు వచ్చాయి. ఎన్నికల సంఘం పార్టీని వివరణ కోరింది. అదే ఏడాది సెప్టెంబరులో జారీచేసిన ఉత్తర్వులో, ఏ పార్టీలోనైనా శాశ్వత పదవి అన్నది స్వభావరీత్యా ప్రజాస్వామ్యానికి విరుద్ధమని పేర్కొంటూ, ఆ వార్తలను స్పష్టంగా ఖండిస్తూ బహిరంగ ప్రకటన చేయాలని ఆదేశించింది. పార్టీ లోపల నిర్ణీత కాలానికి ఎన్నికలు జరగాలన్నది సంఘం ఎప్పటినుంచో కోరుతున్న విషయం. ఆ కాలవ్యవధిని నియమావళి నుంచి తీసేస్తే సభ్యుడి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఓటుకు పని లేకుండా పోతుంది. ఏ పార్టీ అయినా, నాయకుడు ఎంతటి జనాదరణ ఉన్నవాడైనా, ఈ మాట వర్తిస్తుంది.

ఇక సంఘానికి అందని సవరణ ఏమవుతుందన్న ప్రశ్నకు మహారాష్ట్రలోని శివసేన చరిత్ర సమాధానం చెబుతుంది. ఆ పార్టీ చీలిన తర్వాత అసలు పార్టీ ఎవరిదన్న వివాదంలో 1999 నాటి నియమావళి ఒకవైపు, 2018లో సవరించినట్లు చెప్పిన నియమావళి మరోవైపు నిలిచాయి. 2018 నాటి మార్పులు తమ రికార్డుల్లో లేవని ఎన్నికల సంఘం 2023 ఫిబ్రవరి 17న ఇచ్చిన ఉత్తర్వులో పేర్కొని, పార్టీ పేరునూ విల్లంబుల గుర్తునూ ఏక్‌నాథ్ షిండే వర్గానికి ఇచ్చింది. 2024 జనవరిలో శాసనసభ స్పీకర్ కూడా 1999 నియమావళినే ఆధారంగా తీసుకున్నారు. శాసనసభ్యుల సంఖ్యాబలం వంటి ఇతర కారణాలూ ఆ నిర్ణయాల్లో ఉన్నాయి. అయినా దశాబ్దాల నాటి పార్టీ భవిష్యత్తు తేల్చే విచారణలో ఒక కాగితం సకాలంలో అందిందా లేదా అన్నది అంత పెద్ద ప్రశ్న కావడం, ప్రతి పార్టీ కార్యాలయ కార్యదర్శీ గుర్తుపెట్టుకోవలసిన విషయం.

అన్నిటికంటే విశదంగా చూడవలసిన ఉదాహరణ తమిళనాడులోని అన్నా డీఎంకేది. 1972లో ఎంజీఆర్ స్థాపించిన ఆ పార్టీలో అత్యున్నత పదవి అయిన ప్రధాన కార్యదర్శిని ప్రాథమిక సభ్యులందరూ కలిసి ఎన్నుకోవాలన్న నిబంధన ఉంది. మిగతా నిబంధనలను సవరించే అధికారం సర్వసభ్య మండలికి ఉన్నా, దీన్ని మాత్రం మార్చరాదని నియమావళిలోనే రాసుకున్నారు. జయలలిత మరణించాక, 2017 సెప్టెంబరులో మండలి ఆమెను శాశ్వత ప్రధాన కార్యదర్శిగా ప్రకటించి, సమన్వయకర్త, సహ సమన్వయకర్త అనే రెండు కొత్త పదవులను సృష్టించింది. ఆ పదవుల్లో పన్నీర్‌సెల్వం, పళనిస్వామి కూర్చున్నారు. అయిదేళ్లు తిరగకుండానే జోడు నాయకత్వం వద్దన్న వాదన బలపడింది. 2022 జూన్ 23న మండలి సమావేశం కావలసి ఉండగా, ముందుగా నిర్ణయించిన 23 తీర్మానాలు తప్ప వేరేవి చేపట్టరాదని మద్రాసు హైకోర్టు ధర్మాసనం ఆ తెల్లవారుజామునే ఆదేశించింది. సమావేశంలో సభ్యులు ఆ 23 తీర్మానాలనూ తిరస్కరించారు. జూలై 11న మళ్లీ సమావేశమై జోడు పదవులను రద్దు చేసి, పళనిస్వామిని తాత్కాలిక ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుని, పన్నీర్‌సెల్వంను బహిష్కరించారు.

కోర్టుల్లో వాదన చాలావరకు నోటీసు చుట్టూనే తిరిగింది. సమావేశం ఎవరు పిలవాలి, ఇద్దరు నాయకుల సంతకాలూ కావాలా, ఎన్ని రోజుల ముందు తెలియజేయాలి అన్నవే ప్రశ్నలు. జూలై 11 సమావేశం చెల్లదన్నట్లు ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం, చెల్లుతుందని సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చాయి. చివరకు 2023 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు రెండో తీర్పును సమర్థించింది.

ఈ గొడవలో ప్రాథమిక సభ్యుడి ఓటు ఏమైందన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. జూలై సవరణ ప్రధాన కార్యదర్శిని సభ్యులే ఎన్నుకోవాలన్న పాత సూత్రాన్ని తిరిగి తెచ్చింది, దాంతోపాటు కొత్త షరతులూ పెట్టింది. పోటీచేసే వ్యక్తి పదేళ్లుగా సభ్యుడై ఉండాలి, అయిదేళ్లు ప్రధాన కార్యాలయ పదవిలో పనిచేసి ఉండాలి, పదిమంది జిల్లా కార్యదర్శులు అతని పేరు ప్రతిపాదించాలి, మరో పదిమంది బలపరచాలి. అనుభవం కోరడంలో తప్పులేదు. కాని ఇరవైమంది జిల్లా కార్యదర్శుల సంతకాలు కావాలన్నప్పుడు, ఎవరు పోటీలో ఉండాలో తేల్చే అధికారం సభ్యుడిని దాటి పై అంచెకు చేరుతుంది. 2023 మార్చిలో ఆ ఎన్నికకు నామినేషన్లు పిలిచి, 26వ తేదీన పోలింగ్ అని ప్రకటించారు. పళనిస్వామి ఒక్కరే నామినేషన్ వేశారు. హైకోర్టు అడ్డంకి తొలగిన మార్చి 28న ఆయన ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటించారు. ప్రాథమిక సభ్యులు ఓటు వేయవలసిన అవసరం రాలేదు.