సూది వాలింది, మునగలేదు: రాబర్ట్ నార్మన్ నీటి ప్రయోగం

అందరికీ నమస్కారం. అయస్కాంత శాస్త్రం అనగానే 1600లో వచ్చిన విలియం గిల్బర్ట్ గ్రంథంతో మొదలుపెడతాం. దానికి పంతొమ్మిదేళ్ల ముందు, 1581లో, లండన్‌లో దిక్సూచులు చేసే రాబర్ట్ నార్మన్ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఈ పూట ఎక్కువసేపు ఆయన దగ్గరే ఆగుదాం.

ఆయనకు ఎదురైంది పనివాడి చిక్కు. ఉక్కు సూదిని మొన మీద సమంగా నిలిపి, తర్వాత సూదంటురాయితో రుద్దితే ఉత్తరపు కొన కిందికి వాలేది. రెండో కొనకు కాస్త బరువు చేర్చి సరిపెట్టుకోవచ్చు. నార్మన్ అక్కడితో ఊరుకోలేదు. సూదిని అడ్డ ఇరుసుకు బిగించి, పైకీ కిందికీ తిరగనిచ్చి వాలు కొలిచాడు. లండన్‌లో 71 డిగ్రీల 50 నిమిషాలు. ఈ కొలతలో సూది తిరిగే తలం అయస్కాంత ఉత్తర దక్షిణాల వెంట ఉండాలి. పక్కకు జరిగినకొద్దీ కోణం అసలు కన్నా ఎక్కువ వస్తుంది; పూర్తిగా తూర్పు పడమరలకు తిప్పితే లండన్‌లోనే కాదు, హైదరాబాద్‌లోనూ సూది నిట్టనిలువుగా నిలబడుతుంది.

మరి కొనను ఏదో కిందికి లాగుతోందా? రాయి నుంచి బరువేమైనా ఎక్కిందా? బంగారం తూచే త్రాసులో ఉక్కు ముక్కలు పెట్టి, రాయి తాకించక ముందూ తర్వాతా చూశాడు. తేడా లేదు.

అసలు తీర్పు నీళ్లలో దొరికింది. రెండంగుళాల ఉక్కు తీగను బెండు ముక్కలోంచి, బెండు సరిగ్గా నడిమధ్యన ఉండేలా దూర్చాడు. లోతైన గాజుపాత్రలో వేసి, బెండును కొద్దికొద్దిగా చెక్కుతూ పోయాడు. చివరికి తీగ నీటిమట్టానికి రెండు మూడంగుళాల కింద, తేలకుండా మునగకుండా, త్రాసుకాడలా అడ్డంగా నిలిచింది. బెండు జరగకుండా తీగను నీళ్లలోంచి బయటికి తీసి, రాయితో రుద్ది, మళ్లీ నీళ్లలో వదిలాడు. ఉత్తరపు కొన వాలింది. మొత్తం తీగ మాత్రం అడుక్కి దిగలేదు, పక్కకూ కదల్లేదు. అంటే ఇక్కడున్నది లాగే బలం కాదు, తిప్పే బలం. కారణం ఇప్పుడు మనకు తెలుసు: తీగ పొడవునా భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు ఒకేలా ఉంటుంది, రెండు ధ్రువాల మీది బలాలు సమానంగా ఎదురెదురుగా పనిచేస్తాయి.

చేసి చూస్తే మొదట ఇబ్బంది పెట్టేది బెండే. నీరు పీల్చి బరువెక్కుతుంది కాబట్టి ముందురోజే నానబెట్టాలి. గాలి బుడగలు అంటితే పైకి లేస్తుంది; కాచి చల్లార్చిన నీళ్లు వాడాలి. కాస్త కిందికి జారితే బెండులోని గాలి నొక్కుకుపోయి ఇంకా జారుతుంది. అడుగున ఉప్పునీరు, పైన మంచినీరు నెమ్మదిగా పోస్తే మధ్యలో నిలకడగా ఆగుతుంది (నార్మన్ ఇది చేయలేదు, మన సౌకర్యం). వాలు బెండు తేడా వల్ల కాదని తేల్చుకోవడానికి తీగ ధ్రువాలు తారుమారు చేసి మళ్లీ చూడాలి. ఇప్పుడు రెండో కొన అంతే కోణంలో వాలాలి. రుద్దిన అయస్కాంతాన్ని బల్ల మీదే వదిలేశారా, అంతా వృథా.

గిల్బర్ట్ దీన్ని అందుకుని సూదంటురాయిని గోళంగా చెక్కించి, దాని మీద చిన్న సూదిని నడిపాడు: నడుమన గోళానికి సమాంతరం, ధ్రువాల దగ్గర నిలువు, ఆ రెంటి మధ్యా వాలు. భూమే ఒక పెద్ద అయస్కాంతం అన్నాడు.

మన దక్షిణాది అయస్కాంత భూమధ్యరేఖకు, అంటే సూది అసలు వాలని రేఖకు, దగ్గర. అది కేరళలోని తుంబా పక్కగా పోతుంది కాబట్టే 1963లో అక్కడ రాకెట్ కేంద్రం పెట్టారు. తెలుగునాట వాలు లండన్‌ కంటే చాలా తక్కువ. అందుకే ఉత్తర యూరప్ కోసం తూకం సరిచేసిన దిక్సూచిని ఇక్కడికి తెస్తే దక్షిణపు కొన కిందికి వాలి, డబ్బా అడుగును రాసుకుని సూది తిరగకుండా ఇరుక్కోవచ్చు.